బావగారి మీసం, బూడిద గుమ్మడికాయ

'ఆ రోజుల్లో' అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత వచ్చేది ఎప్పుడూ ఒకటే: మనుషులు ఎంత మంచివాళ్ళో, పాలు ఎంత చిక్కగా ఉండేవో అన్న అబద్ధం. నా 'ఆ రోజులు' అంత పాతవేం కావు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేచాయి గానీ రైలు ఇంకా ఎల్బీనగర్ దాకా రాలేదు. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఇంకా కదల్లేదు. మామిడి కాలంలో ఆ వాసన మా గల్లీ దాకా వచ్చేది, వాసన వెనకే ఈగలూ వచ్చేవి. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి, కానీ మనం ఫోన్‌ని చూస్తున్నామనే అనుకునేవాళ్ళం. అదీ మనల్ని చూస్తోందని ఎవరికీ తట్టలేదు. నాకు అసలే తట్టలేదు, ఎందుకంటే అప్పట్లో నాకు తెలియనిది ఏదీ లేదని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకం ఉన్న వయసునే యవ్వనం అంటారు. ముప్పై దాటాక కూడా నాకు అది తగ్గలేదు కాబట్టి ఇది నా యవ్వనంలో జరిగిన సంగతే అని దబాయించి చెబుతున్నాను.)

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీనగర్‌కీ మధ్య ఒక గల్లీలో ఉంటుంది. ఏ గల్లీ అని అడక్కండి, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి మా మామగారు కట్టిన ఇల్లు. ఆయన పోయాక పైభాగం మాకు, కింద రోడ్డు వైపున్న షట్టరు మా బావగారికి వచ్చాయి. బావగారంటే మా ఆయనకి అన్న. హయత్‌నగర్‌లో సొంత ఇల్లు, లారీల ఆఫీసు, రెండు చివరలూ కనుబొమల వైపు తిరిగిన మీసం ఆయన ఆస్తులు. నేనా, జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. పేరెంట్స్ మీటింగులో ప్రిన్సిపాల్ తప్పు చెబితే మైకులోనే సరిదిద్దాను. మర్నాటి నుంచి ఇంట్లో ఉన్నాను. కుట్టు ముందే వచ్చు, మగ్గం వర్కు నేర్చుకున్నాను, ఖాళీగా ఉన్న షట్టరు ఎత్తి బ్లౌజుల దుకాణం పెట్టేశాను. బావగారిని అడిగానా అంటే, అడిగాననే అనుకోండి. ఎత్తాక అడిగాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు తమ్ముడి భార్యతో బావగారు నేరుగా మాట్లాడరు. మధ్యలో ఒక మనిషి ఉండాలి. మాకు ఆ మనిషి అత్తమ్మ. ఇద్దరం ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినబడుతున్నా, ఆవిడ ద్వారానే పోట్లాడుకునేవాళ్ళం. వేసవి చివర్లో ఒక ఆదివారం బావగారు వచ్చి, దుకాణం లోపలికి ఒక చూపు చూసి, కుర్చీ గుమ్మంలోకి లాక్కుని కూర్చున్నారు.

"అమ్మా, నీ చిన్న కోడలికి చెప్పు. దుకాణం అంటే మనుషులు కనబడాలె. గీ దుకాణంల ఈగలు తప్ప ఎవలు కనబడ్తలేరు. కర్రీ పాయింట్ పెట్టేటాయన షట్టర్ ఇయ్యమని రోజు నా పానం తీస్తున్నడు."

"అత్తమ్మా, బావగారికి చెప్పు. ఆ ఈగలు గడ్డిఅన్నారం నుంచి వస్తున్నయి, నా దుకాణంల పుట్టలే. కర్రీ పాయింట్ పెడితే అప్పుడు పుడ్తయి."

అత్తమ్మ కొడుకు వైపు తిరిగి, "చాయ్ తాగుతవా అని అడుగుతున్నది బిడ్డా" అంది.

అలా చాయ్ తాగుతూ బావగారు గడువు పెట్టారు. దసరా దాకా చూస్తారు. దసరా ముందు రోజు వస్తారు. ఆ రోజు దుకాణంలో మనుషులు కనబడితే షట్టరు నాది. కనబడకపోతే మిషన్, మగ్గం, నేను, అన్నీ పైకి ఎక్కాలి. మా ఆయన పక్కనే నిలబడి "మంచిదే" అన్నారు. ఆయన కరెంటు ఆఫీసులో పని చేస్తారు. కరెంటు పోయిందన్నా, వచ్చిందన్నా ఆయన మాట అదే.

నాకు ఆ షట్టరు కావాలి. ఎందుకో అప్పుడు చెప్పుకోలేదు గానీ ఇప్పుడు చెబుతాను. కాలేజీ నుంచి పంపేశాక, 'నోరు ఉన్నోళ్ళకు నౌకరీ నిలువది' అని చుట్టాలందరూ ఒక మాట పట్టుకున్నారు. షట్టరు కూడా పోతే ఆ మాట నిజమైపోతుంది. నాకు ఏది పోయినా ఫరవాలేదు గానీ వాదన పోకూడదు.

గల్లీలో నోటి ప్రచారంతో పని కాదని తేలిపోయింది, ఎందుకంటే గల్లీలో సగం మందితో నేను మాట్లాడను. అందుకని ఆన్‌లైన్‌లో పడ్డాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న గొప్ప సుఖం కోచింగ్ సెంటర్లు. ఏ మెట్లెక్కినా ఒక కోర్సు, ప్రతి కోర్సుకీ ఉచిత డెమో. డిజిటల్ మార్కెటింగ్ డెమోలు ఒక్కో చోట ఒక్కోటి విని, మొత్తం కోర్సు పూర్తి చేద్దామని నా పథకం. మొదటి రెండు చోట్లా ఏమీ అర్థం కాలేదు. మూడో చోట గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక సారు, సన్నగా, గొంతు మాత్రం మైకులా ఉన్నాయన, బోర్డు మీద పెద్ద కన్ను బొమ్మ వేశాడు.

"ఇక మాటలతో వెతకడం అయిపోయిందండీ. జనం ఫోటో చూపించి వెతుకుతున్నారు. పెళ్ళిలో ఎవరిదో చీర నచ్చిందనుకోండి, ఫోన్ పెట్టి క్లిక్కుమనిపిస్తే అలాంటి చీరలు ఎక్కడెక్కడున్నాయో చూపిస్తుంది. ఆ చూపించే వాటిలో మీ ఫోటో ఉండాలి. అంతేనండీ బిజినెస్సు!"

బొమ్మలు సూదితో గుచ్చి బోర్డు మీద పెట్టుకున్నట్టు దాచుకునే యాప్ ఒకటి చూపించాడు. ఫోన్ కెమెరా పెడితే వెతికిపెట్టేది ఇంకోటి చూపించాడు. "మీ ఫోటోలన్నీ ఒకే చోట తీయండి. ఒకే గోడ, ఒకే వెలుతురు. యంత్రం మిమ్మల్ని గుర్తుపట్టాలి. మనిషి కంటికంటే దాని కన్ను గొప్పదండీ" అన్నాడు.

అక్కడ నేను లేచాను. "మీ యంత్రానికి పైపింగ్‌కీ లేసుకీ తేడా తెలుస్తుందా సార్?"

"తెలుస్తుందండీ."

"చేత్తో కుట్టిన పూసకీ, గమ్‌తో అంటించిన పూసకీ?"

"మేడమ్, మీరు జాయినైతే అవన్నీ..."

"అంటే తెలియదన్నమాట. కన్ను గొప్పదని ఎట్ల అంటున్నారు మరి?"

వాదన గెలిచి మెట్లు దిగాను. వెనక నుంచి ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. వినలేదు. గెలిచాక వినే అలవాటు నాకు లేదు.

మా దుకాణంలో వెలుతురు పడేది గుమ్మంలోనే. షట్టరు పైన ఇనుప రాడ్డు, దానికి ఒక కొక్కెం. దుకాణం తెరిచిన రోజే అత్తమ్మ ఆ కొక్కేనికి బూడిద గుమ్మడికాయ కట్టించింది, దిష్టికి. మార్కెట్లో మొహం గీసి అమ్ముతారు గానీ ఆవిడకి నచ్చవు. "గదేం మొఖం? జరమొచ్చినోని లెక్క ఉన్నది" అని పసుపు, కుంకుమ, కాటుక ముందేసుకుని తనే గీసింది. గుడ్లురిమే కళ్ళు, చెవుల దాకా తెరిచిన నోరు, బయటకి ఎర్రటి నాలుక, పైకి తిరిగిన నల్లటి మీసం. కాయ మెత్తబడగానే, అమావాస్యకి ఇంకోటి గీసి కట్టేది. గీసిన కొద్దీ చెయ్యి తిరిగి, మొహం ఇంకా భయంకరంగా, ఇంకా అందంగా వచ్చేది.

"అత్తమ్మా, ఫోటో తీసేటప్పుడు జర దించి పక్కకు పెడ్త."

"కట్టిన గుమ్మడికాయను దించుతవా? సదువుకున్నదానివి, గంత తెల్వదా?"

"సదువుకున్నందుకే అంటున్న."

"అయితే జరసేపు సదువుకోనట్టు ఉండు."

సరే పొమ్మని, రాడ్డుకి గుమ్మడికాయ పక్కనే హ్యాంగరు తగిలించి ఫోటోలు తీశాను. ఒకే చోట, ఒకే గోడ, ఒకే వెలుతురు. ఏనుగుల బార్డరు బ్లౌజు, పక్కన గుమ్మడికాయ. నెమలి వీపు బ్లౌజు, పక్కన గుమ్మడికాయ. అద్దాల చేతుల బ్లౌజు, అద్దాల్లో చిన్నచిన్న గుమ్మడికాయలు. పనితనం గురించి వివరంగా రాసి, కింద ఫోన్ నంబరూ అడ్రసూ చేర్చి యాప్‌లో పెట్టేదాన్ని. దాచుకున్నవాళ్ళ సంఖ్య మెల్లగా పెరగసాగింది. ఎక్కడెక్కడి వాళ్ళో, పేర్లు కూడా పలకడం రాదు. రాత్రి అన్నాల దగ్గర మా ఆయనకి చదివి వినిపించేదాన్ని. "చూసిన్రా, చేతి పనికి విలువ తెలిసినోళ్ళు లోకంల ఇంకా ఉన్నరు." ఆయన "మంచిదే" అన్నారు.

బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంలో ఎవరు పాడుకున్నారని గల్లీ అంతా మాట్లాడుకుంటున్న రోజుల్లో మొదటి ఫోన్ వచ్చింది. మగగొంతు.

"అక్కా, మీ ఫోటో చూసిన. గసొంటిదే ఒకటి కావాలె."

నా గుండె గంతులేసింది. భార్య కోసం బ్లౌజు అడిగే మగవాడు! లోకం మారిందనుకున్నాను. "తప్పకుండ అన్నా. సైజు చెప్పు."

"జర పెద్దదే. లారీకి."

"ఏందీ?"

"లారీకి అక్కా. ముందట గట్టాలె."

"లారీకి బ్లౌజు ఏందన్నా?"

"బ్లౌజు ఏందక్కా? గుమ్మడికాయ. నాలుక ఎర్రగ, మీసం గట్లనే ఉండాలె."

రాంగ్ నంబర్ అని పెట్టేశాను. సాయంత్రానికి ఇద్దరు వచ్చి అడిగారు. మర్నాడు కొత్తగా ఫ్లాట్‌లో దిగిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి వచ్చి, నా ఏనుగుల బార్డరుకి వీపు పెట్టి నిలబడి, "ఆంటీ, ఇది ఎంత?" అని కొక్కెం వైపు వేలు చూపించింది. అప్పుడు యాప్ తెరిచి, నా ఫోటోల్ని జనం ఏ పేర్లతో దాచుకున్నారో చూశాను. 'గుమ్మం అలంకరణ' అట. 'భయపెట్టే మొహాలు' అట. ఎవరో పరదేశీ పుణ్యాత్ముడు 'కూరగాయలతో శిల్పాలు' కింద పెట్టుకున్నాడు. బ్లౌజు కింద ఒక్కరూ దాచుకోలేదు. ఏ ఊళ్ళో ఎవరు ఏ గుమ్మడికాయకి ఫోన్ చూపించినా యంత్రం తిన్నగా మా గుమ్మానికి తోలుతోంది. మనిషి కంటికంటే గొప్పదన్న కన్ను నేను నెలల తరబడి చేసిన మగ్గం పనిని దాటి వెళ్ళి అత్తమ్మ కాటుక దగ్గర ఆగిపోయింది.

నేను వచ్చినవాళ్ళని వచ్చినట్టే తిప్పి పంపాను. "బోర్డు చదవడం రాదా? బ్లౌజులని రాసుంది!" అని ఒకరితో, "కూరగాయలకు ఎల్బీనగర్ పో" అని ఇంకొకరితో. ఒక ఆటో ఆయన "కోపమైతున్నరు గానీ మేడమ్, మీ తాన ఉన్నంత మంచి మొఖం యాడ లేదు" అన్నాడు. గుమ్మడికాయ గురించే అన్నాడని నాకు తెలుసు. అయినా ఒక్క క్షణం చీర సర్దుకున్నాను.

నాలుగు రోజులు ఇలా సాగాక, లోపల ఒత్తులు చేసుకుంటున్న అత్తమ్మ తలెత్తింది.

"వచ్చిన మనుషులను ఎందుకు ఎల్లగొడ్తున్నవే?"

"వాళ్ళు బ్లౌజు కోసం వస్తలేరు అత్తమ్మా. గుమ్మడికాయ కోసం వస్తున్నరు."

"పెద్దోడు ఏమన్నడు?"

"మనుషులు కనబడాలె అన్నరు."

"బ్లౌజులు కొనేటోళ్ళే కనబడాలె అన్నడా?"

కామర్స్‌లో వ్యాపార చట్టాలు చెప్పినదాన్ని నేను. ఒప్పందంలో ఉన్న మాట మాత్రమే ఒప్పందం అని ఏడాదికో బ్యాచ్‌కి బల్లగుద్ది చెప్పినదాన్ని. నాకు తట్టనిది ఒత్తులు చేసుకుంటున్న ఆవిడకి తట్టింది. పెళ్ళయ్యాక ఆవిడతో నేను ఓడిన మొదటి వాదన అది. మిగతావి ఆవిడ వాదించకుండానే గెలిచేసింది.

ఆ రోజే ఆటోలో కాయలు దింపించాం. దుకాణం నేల మీద తెల్లటి గుమ్మడికాయలు, మధ్యలో పీట మీద అత్తమ్మ, ఒక్కోదాన్ని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లకి కాటుక పెట్టినట్టు మొహం గీసేది. నేను తాళ్ళు కట్టేదాన్ని, మధ్యమధ్యలో అడగని వాళ్ళకి కూడా బ్లౌజులు చూపించేదాన్ని.

దసరా ముందు రోజు పొద్దున్నే మా గుమ్మం నుంచి పాలబూతు దాకా జనం. మర్నాడు బండ్లకి పూజ కదా, అందరికీ కాయ కావాలి. ఆటోల వాళ్ళు, లారీ ఆయన, ఫ్లాట్ల వాళ్ళు, మధ్యలో ఎక్కడో చూసిన సన్నటి మనిషి. దగ్గరికి వచ్చాక గొంతు గుర్తుపట్టాను.

"మేడమ్, మీరా! కొత్త బ్రాంచి తెరుస్తున్నామండీ, మంచి గుమ్మడికాయ కోసం ఫోన్‌లో వెతికితే ఇక్కడికి తీసుకొచ్చింది." డెమో సారు లోపల వేలాడుతున్న బ్లౌజుల్నీ, కొక్కేన్నీ మార్చిమార్చి చూశాడు. విషయం అర్థమై, మర్యాదగా నవ్వు ఆపుకున్నాడు. "ఒకే గోడ అని చెప్పాక ఇంకో మాట చెప్పబోయానండీ. ఫోటోలో మనం అమ్మే వస్తువు తప్ప ఇంకేమీ ఉండకూడదు అని. మీరు అప్పటికే మెట్లు దిగేశారు."

నా దగ్గర దీనికి గట్టి జవాబే ఉంది. చెప్పేలోపే బావగారు దిగారు. వెనకే కర్రీ పాయింటు ఆయన, షట్టరు కొలవడానికి టేపు పట్టుకుని. బావగారు జనాన్ని తోసుకుంటూ గుమ్మంలోకి వచ్చి, సరిగ్గా కొక్కెం కింద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

"అమ్మా, అడుగు నీ చిన్న కోడలిని. గీ జనం ఏంది?"

"అత్తమ్మా, చెప్పు బావగారికి. మనుషులు కనబడాలె అన్నరు. కనబడ్తున్నరు."

"బ్లౌజు కోసం వచ్చిన్రా అని అడుగమ్మా!"

"గా ముచ్చట ఒప్పందంల లేదని చెప్పు అత్తమ్మా!"

అత్తమ్మ తల వంచుకుని ఒళ్ళో కాయకి మీసం దిద్దుతోంది. ఈలోగా డెమో సారు బావగారినే చూస్తున్నాడు. మీసం వైపు, పైన కాయ వైపు, మళ్ళీ మీసం వైపు. పాఠం చెప్పేవాళ్ళకి ఉండే జబ్బు ఆయన్ని ఆగనివ్వలేదు. ఫోన్ తీసి, "ఒక్క నిమిషం కదలకండి సార్" అని క్లిక్కుమనిపించాడు. ఒకే చోట, ఒకే గోడ, ఒకే వెలుతురు. యంత్రం ఒక్క క్షణం ఆలోచించి, ఇలాంటివి ఇంకా ఉన్నాయంటూ వరసగా చూపించింది. గుమ్మడికాయ, గుమ్మడికాయ, గుమ్మడికాయ.

ఆటో ఆయన తొంగి చూసి, "అన్నా, గిది నువ్వే గదనే!" అన్నాడు. అంతే, పాలబూతు దాకా నవ్వు పాకింది. కర్రీ పాయింటు ఆయన టేపు జేబులో పెట్టుకుని నవ్వు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నేను నవ్వలేదు. నాకు భయం వేసింది. షట్టరు పోయిందనే అనుకున్నాను.

బావగారు ఫోన్ తీసుకుని చూశారు. తలెత్తి కొక్కేనికి ఉన్నదాన్ని చూశారు. నేల మీద వరసగా ఉన్న వాటిని చూశారు. అన్నిటికీ ఆయన మీసాలే.

"ఏందమ్మా గిది?"

"నన్నేం జెయ్యమంటవు బిడ్డా?" అంది అత్తమ్మ, కాటుక వేలు కొంగుకి తుడుచుకుంటూ. "నేనేమన్న గీసుడు నేర్చుకున్ననా? మీసమున్న మొఖం గియ్యాలంటే నాకు నీ మొఖమే యాదికొస్తది. నువ్వు పొద్దుమీకి ఇంటికి వస్తున్నవంటే గల్లీల పోరగాండ్లు ఉరికేటోళ్ళు గాదా. దిష్టి మాత్రం ఉరకదా అనుకున్న."

బావగారు వంగి, తల్లి ఒళ్ళోని కాయని రెండు చేతులా అందుకుని, వెలుతురులో తిప్పి చూశారు. తడి ఆరని మీసం చివర చూపుడువేలితో ముట్టుకున్నారు. అదే వేలు తెలియకుండా తన మీసం మీదకి వెళ్ళింది. తర్వాత, నేను పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి, మధ్యలో ఎవరూ లేకుండా, నా మొహంలోకి చూసి మాట్లాడారు.

"మీసం నాదే. నోరు మాత్రం నీదమ్మా."

నేను కాయ వైపు చూశాను. చెవుల దాకా తెరిచి, నాలుక బయట పెట్టి, లోకంతో తెగని పోట్లాటలో ఉన్న నోరు. కాదనడానికి నోరు తెరిచాను. తెరిచిన నోటితో, ఆ కాయల మధ్య, ఇంకేం కాదంటాను?

"ఒక్క మీసానికే ఉరుకుతదా దిష్టి?" అంది అత్తమ్మ తాపీగా.

బావగారు ఆ కాయనే లారీకి కట్టుకుంటానని చంకలో పెట్టుకుని వెళ్ళారు. షట్టరు గురించి మళ్ళీ ఎత్తలేదు. కర్రీ పాయింటు ఆయన ఎదురు గల్లీలో పెట్టుకున్నాడు, అతని గుమ్మానికీ మా బావగారే వేలాడారు. నా బ్లౌజులు కూడా మెల్లగా అలవాటయ్యాయి, కాయ కోసం వచ్చి ఊరికే నిలబడలేని ఆడవాళ్ళ దయ వల్ల. ఇది మార్కెటింగ్ అనీ, నేను మొదటి నుంచీ అనుకున్నదే అనీ చాలా ఏళ్ళు అందరికీ చెప్పుకున్నాను. మా ఆయన ఒక్కరే నమ్మారు, లేదా "మంచిదే" అన్నారు.

ఇప్పుడు మార్కెట్ పోయింది, ఈగలు పోయాయి, రైలు వచ్చింది. అత్తమ్మకి చూపు తగ్గింది. దసరాకి కాయలు నేను గీస్తున్నాను, ఆవిడ పీట పక్కనే కుర్చీలో కూర్చుని వేళ్ళతో తడిమి చూస్తుంది. బావగారూ నేనూ నేరుగానే మాట్లాడుకుంటున్నాం. చిత్రమేమిటంటే, పోట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ దొరకడం లేదు. మొన్న ఫోన్‌లో ఆ పాత ఫోటోలు తిరగేశాను. ఏనుగుల బార్డరు పక్కన అంచులో, హ్యాంగరు పట్టుకుని నేను సగం కనబడుతున్నాను. ఆ ఒక్కటీ మా ఆయన తీశారు. మొహం కెమెరా వైపు లేదు, పక్కన ఎవరితోనో ఏదో వాదిస్తున్నాను. ఏ విషయమో బొత్తిగా గుర్తులేదు. నాదే రైటు అయ్యుంటుంది.

నిన్న గీసిన కాయని అత్తమ్మ చేతికిచ్చాను. కళ్ళు తడిమింది, మీసం తడిమింది, "మంచిగున్నది" అంది. నోటి దగ్గరికి వచ్చి వేలు ఆగింది.

"గింత చిన్న నోరేందే? గిది ఎవరిని బెదిరిస్తది?" అని కాయ నాకే తిరిగిచ్చింది. "పెద్దగ గియ్యి బిడ్డా. నువ్వు ఎట్లుండేదానివో యాది మర్చినవా?"

మర్చిపోలేదు. కాటుక అద్దుకుని చెవుల దాకా దిద్దాను.